పిల్లల ఫుట్‌బాల్ సీరియల్: బలాలు, బలహీనతలు

బడి వయసు పిల్లలు కొందరు జట్టు కట్టి, ఓడి, గెలిచి, తమలో తాము పోట్లాడుకుని, మళ్లీ కలిసి, ఆటతో పాటు ఎదిగే కథను భాగాలుగా చెప్పే టెలివిజన్ నాటకం ఇది. జపాన్‌లో కార్టూన్‌గా, బ్రిటన్‌లో వారం వారం వచ్చే బాలల నాటకంగా, అర్జెంటీనాలో కుటుంబ సీరియల్ పోలికలున్న కథగా ఇది స్థిరపడింది. తెలుగులో ఇలాంటి కథ టీవీలో కంటే సినిమాలోనే ఎక్కువగా వచ్చింది. అదీ ఫుట్‌బాల్ కంటే క్రికెట్, కబడ్డీల చుట్టూ అల్లుకుంది. అందుచేత బయటి సీరియళ్లనూ, వాటికి దగ్గరి చుట్టాలైన మన సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. చూసే చోటు చోడవరం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో, ఆ తర్వాత అనకాపల్లి జిల్లాలో ఉన్న ఊరు. చుట్టూ చెరకు, పక్కనే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, ఊళ్లో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి. ఇలాంటి ఊరి పిల్లకు ఈ కథలు ఏమిస్తాయి, ఏమి ఇవ్వకుండా దాటేస్తాయి అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందుగా ఆట గురించి ఒక చిన్న లెక్క. 90 నిమిషాల మ్యాచ్‌లో ఒక్కొక్క ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా పరుగు, కాపు, ఖాళీ వెతుక్కోవడం, తోటివాడికి దారి విడిచిపెట్టడం. ఫుట్‌బాల్ అంటే చాలావరకు బంతి లేనప్పటి ఆట. కెమెరాకు మాత్రం బంతి ఎక్కడుంటే అక్కడికే చూపు పోతుంది. ఈ రకం సీరియల్ గొప్పతనమూ, లోటూ ఈ మెలికలోనే ఉన్నాయి. బంతి దగ్గర లేని పిల్లవాడిని చూపించినప్పుడు అది మంచి నాటకం అవుతుంది. అతన్ని మరిచిపోయినప్పుడు గోల్స్ దండగా మిగిలిపోతుంది.

ముఖ్యమైన సీరియళ్లు

ఈ కథలన్నింటికీ పెద్దన్న లాంటిది జపాన్ 'కెప్టెన్ సుబాసా'. యోయిచి తకహాషి 1981లో బొమ్మల కథగా మొదలుపెట్టాడు. 1983 నుంచి 1986 దాకా 128 భాగాల కార్టూన్‌గా టీవీలో వచ్చింది. జపాన్‌లో అప్పటికి బేస్‌బాల్‌దే రాజ్యం. వృత్తి ఆటగాళ్ల ఫుట్‌బాల్ లీగ్ 1993లో గానీ మొదలు కాలేదు, ప్రపంచ కప్‌లో ఆ దేశం తొలిసారి ఆడింది 1998లో. అలాంటి దేశంలో ఒక బడి పిల్లవాడు ప్రపంచ కప్ గెలవాలని కలగనడం అప్పటికి పిచ్చి ఊహ. ఆ ఊహకు ఒక తరం పిల్లలు అలవాటుపడ్డారు. కార్టూన్ స్పెయిన్‌కు, ఇటలీకి, లాటిన్ అమెరికాకు, అరబ్ దేశాలకు వెళ్లింది. వెళ్లిన చోటల్లా పిల్లల పేర్లు మార్చుకుంది. అరబ్ దేశాల్లో సుబాసా 'కెప్టెన్ మాజిద్' అయ్యాడు. ఇరాక్‌లో పనిచేసిన జపాన్ సైన్యపు నీళ్ల లారీల మీద అతని బొమ్మ అంటించారంటే అక్కడి పిల్లలకు ఎంత చేరువయ్యాడో తెలుస్తుంది. స్పెయిన్ ఆటగాడు ఫెర్నాండో టోరెస్ తాను చిన్నప్పుడు ఈ కార్టూన్ చూసే ఆటలోకి వచ్చానని చెప్పుకున్నాడు.

బ్రిటన్‌లో బీబీసీ 1986, 1987 సంవత్సరాల్లో 'జాసీస్ జెయింట్స్' ప్రసారం చేసింది. రెండు విడతల్లో కలిపి 10 భాగాలే. రాసినవాడు సిడ్ వాడెల్. గని కార్మికుడి కొడుకు, డార్ట్స్ ఆటకు టీవీ వ్యాఖ్యాతగా ఇంగ్లండ్ అంతా తెలిసిన గొంతు. గాయంతో ఆట మధ్యలోనే ఆగిపోయిన మాజీ ఆటగాడు జాసీ బ్లెయిర్ ఓ ఓటమి జట్టును చేరదీయడం అందులోని కథ. అదే బీబీసీ బాలల చానెల్‌లో 2016లో మొదలైన 'జేమీ జాన్సన్', డాన్ ఫ్రీడ్‌మన్ రాసిన పిల్లల నవలల ఆధారంగా వచ్చింది. ఆటతో పాటు ఇంటి సంగతులకు, బడిలో బెదిరింపులకు, పిల్లల మధ్య అసూయలకు పెద్దపీట వేసింది. అర్జెంటీనాలో తీసి 2017 నుంచి 2019 దాకా డిస్నీ ప్రసారం చేసిన 'ఓన్సే', అంటే పదకొండు, చిన్న ఊరి నుంచి పెద్ద క్రీడా విద్యాలయానికి వచ్చిన గాబో అనే కుర్రవాడి కథ. పుట్టుక రహస్యాలు, కుట్రలు, ప్రేమలు అన్నీ ఉన్న అచ్చమైన డైలీ సీరియల్ అది. మన ఇళ్లలో అత్తాకోడళ్ల సీరియల్ చూసే అలవాటున్నవాళ్లకు అందులో ఏ మలుపూ కొత్తగా అనిపించదు.

మన వైపు కథలు

భారతీయ టీవీలో బాలల ఆటను మనసుకు పట్టేలా చెప్పినది 'మాల్గుడి డేస్'. శంకర్ నాగ్ దర్శకత్వంలో దూరదర్శన్‌కు తీసిన ఈ సీరియల్‌లో ఆర్.కె. నారాయణ్ రాసిన, స్వామి అనే కుర్రవాడి కథలు భాగం. స్వామి, రాజం, మణి కలిసి క్రికెట్ క్లబ్ పెట్టుకుంటారు. తీరా ముఖ్యమైన మ్యాచ్ నాటికి స్వామి ఊళ్లో ఉండడు. బడిలో గొడవై పారిపోయి, దారి తప్పి, తిరిగి వచ్చేసరికి జట్టు ఓడిపోయి ఉంటుంది. కథానాయకుడు ఆఖరి బంతికి సిక్స్ కొట్టడం కాదు, ఆటకే అందకపోవడం! ఈ సీరియల్ తెలుగు ఇళ్లలో ఎందరికో చిన్నతనపు జ్ఞాపకం. పిల్లల ఆట కథ ఎలా ఉండవచ్చో ఇది చూపిన తోవలో తర్వాత నడిచినవాళ్లు తక్కువ.

తెలుగులో ఈ రకానికి నిండైన ఉదాహరణ 2011 సంక్రాంతికి వచ్చిన 'గోల్కొండ హైస్కూల్'. ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకుడు. హైదరాబాద్ రంజీ జట్టుకు ఆడిన హరిమోహన్ పారువు రాసిన ఆంగ్ల నవల దీనికి ఆధారం. బడి మైదానాన్ని తీసేసి ఐఐటీ కోచింగ్ కేంద్రం కట్టాలని ధర్మకర్త ఒకరు పట్టుబడతాడు. మైదానం నిలవాలంటే బడి జట్టు అంతర పాఠశాలల పోటీ గెలవాలి. ఆ పని మీద సుమంత్ పోషించిన కోచ్ సంపత్ వస్తాడు. తనికెళ్ల భరణి ప్రధానోపాధ్యాయుడు, సుబ్బరాజు ధర్మకర్త, సంతోష్ శోభన్ జట్టులో ముఖ్యమైన పిల్లవాడు. ఆట క్రికెట్టే అయినా మైదానానికీ కోచింగ్ కేంద్రానికీ జరిగే ఆ తగువు తెలుగు నేల మీదే పుట్టగలిగిన కథ. లండన్‌లో గానీ టోక్యోలో గానీ ఎవరికీ తోచదు. చోడవరంలో గానీ అనకాపల్లిలో గానీ పదో తరగతి పిల్లవాడి ఇంట్లో ఆ తగువు రోజూ సాయంత్రం జరిగేదే.

విశాఖ తీరానికి సంబంధించినది 'భీమిలి కబడ్డీ జట్టు'. 2010లో తాతినేని సత్య దర్శకత్వంలో, నాని కథానాయకుడిగా, తమిళ 'వెన్నిల కబడి కుళు'కు తెలుగు రూపంగా వచ్చింది. ఎప్పుడూ ఓడే ఊరి జట్టు, దానికి దొరికిన ఒక పెద్ద అవకాశం ఇందులో కథ. పిల్లల కథ కాదు గానీ, ఊళ్లో ఆడే ఆటకూ పట్నంలో జరిగే పోటీకీ మధ్య ఉన్న దూరాన్ని బాగా చూపింది. ఫుట్‌బాల్ సంగతికొస్తే 2019లో విజయ్ తమిళ సినిమా 'బిగిల్' తెలుగులో 'విజిల్' పేరుతో విడుదలైంది. అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును మన థియేటర్లలో అంత ఆర్భాటంగా చూపిన సినిమా మరొకటి గుర్తుకు రాదు. దాని సంగతి మళ్లీ వస్తుంది.

పిల్లలకోసమే నడిచే తెలుగు చానెల్ కుషీ టీవీ 2009లో వచ్చింది. ఈటీవీ బాలభారత్ 2021లో పలు భాషల్లో మొదలైంది. పిల్లల కార్యక్రమాలకు చోటు లేదని ఇప్పుడు అనలేం. ఆ చోటును నింపుతున్నది ఎక్కువగా కార్టూన్లే. నిజమైన పిల్లల ముఖాలు, మన ఊరి దుమ్ము కనిపించి, మన బడి గంట వినిపించే ఆట కథకు ఖర్చు ఎక్కువ, శ్రమ ఎక్కువ. డజను మంది పిల్లలకు నటనా రావాలి, ఆటా రావాలి. ఒక్కరికి బదులు డూప్ కాలితో గోల్ కొట్టించవచ్చేమో గానీ, పదకొండు మంది కలిసి పరుగెత్తడాన్ని మోసం చేసి తీయడం కష్టం.

బలాలు

ఈ సీరియళ్ల మొదటి బలం ఓటమికి చోటివ్వడం. వారం వారం వచ్చే కథలో జట్టు ప్రతిసారీ గెలిస్తే రెండో నెలకల్లా చూసేవాళ్లు ఉండరు. అందుకే రచయిత పిల్లల్ని ఓడించక తప్పదు. ఓడిన తర్వాత బూట్లు విప్పుతూ ఎవరూ మాట్లాడని ఆ పది నిమిషాలు సినిమాలో అర నిమిషమే ఉంటాయి. సీరియల్‌లో ఒక భాగమంతా నడుస్తాయి. మార్కుల పోటీలో పెరిగే పిల్లలకు, ఓడిన మర్నాడు మళ్లీ అదే మైదానానికి వెళ్లవచ్చని చూపే కథ అరుదుగా దొరుకుతుంది.

రెండోది ఎదుటి జట్టు. 'కెప్టెన్ సుబాసా'లో ప్రత్యర్థి కోజిరో హ్యూగా తండ్రి చనిపోయిన ఇంటి పిల్లవాడు. తల్లికి, తమ్ముళ్లకు, చెల్లెలికి తోడుగా పనిచేస్తూ ఆడతాడు. అతని ఆటలోని కరకుతనం ఎక్కడి నుంచి వచ్చిందో చూసేవాడికి తెలుస్తుంది. మరో ప్రత్యర్థి జున్ మిసుగి అందరికంటే తెలివిగా ఆడగలడు, కానీ గుండె జబ్బు వల్ల కొద్ది నిమిషాలు మాత్రమే మైదానంలో ఉండగలడు. ఇలాంటి పిల్లల్ని చూశాక 'వాళ్లు చెడ్డ జట్టు, మనం మంచి జట్టు' అన్న సులువైన లెక్క చెదిరిపోతుంది. కథానాయకుడు గెలవాలని కోరుకుంటూనే హ్యూగా ఓడకూడదని కూడా అనిపించడం పిల్లవాడికి చిన్న అనుభవం కాదు. ఈ కార్టూన్‌లో గొప్ప సంగతి బంతి తన్నడాల్లో లేదు, ఇక్కడుంది.

మూడోది ఇల్లు. 'జేమీ జాన్సన్'లో జేమీకి తోడు నిలిచేది తాత మైక్. తండ్రితో అతని సంబంధం తేలిక వ్యవహారం కాదు. పిల్లవాడు ఆటలో తడబడితే కారణం కాళ్లలో కాకుండా ఇంట్లో ఉండవచ్చునని ఆ సీరియల్ పదే పదే చెప్పింది. ఆట నేర్పే ప్రతి మాష్టారికీ ఇది అనుభవంలో ఉన్న సంగతే. నిన్నటిదాకా బాగా ఆడిన పిల్లవాడు ఇవాళ పాస్ కూడా సరిగా ఇవ్వలేకపోతే, అతని ఇంట్లో రాత్రి ఏం జరిగిందో తెలుసుకున్నాకే తిట్టాలి.

ఇక కనిపించని బలం ఒకటుంది. ఆట నేర్చుకునే తొలి కోరికను పుట్టించడం. మైదానం దగ్గర్లో లేని, కోచ్ లేని, జత బూట్లు లేని పిల్లవాడికి ఆటతో మొదటి పరిచయం తెర మీదే జరుగుతుంది. ఫుట్‌బాల్‌కు ఇది మరీ కలిసివస్తుంది. క్రికెట్‌కు బ్యాట్ కావాలి, ప్యాడ్లు కావాలి. దీనికి బంతి చాలు. చెరకు కొట్టేసిన మడిలో నాలుగు చెప్పులు గోల్ పోస్టులుగా పెట్టుకుని ఆడవచ్చు. సీరియల్ చూసిన సాయంత్రమే ఆడటం మొదలుపెట్టవచ్చు.

లోపాలు

అన్నింటికంటే పెద్ద లోపం పైన చెప్పుకున్న లెక్కలోదే. సీరియల్ చూసిన పిల్లవాడు మైదానంలోకి వెళ్లి మొదట చేసే పని బంతి దొరికితే ఎవరికీ ఇవ్వకుండా ఒక్కడే పరుగెత్తడం. తెర మీద గొప్పవాళ్లంతా అలాగే చేశారు కదా. కెమెరా ముందుకు దూసుకుపోయేవాడిని చూపుతుంది. వెనక ఖాళీ పూడ్చిన డిఫెండర్‌ను, పిలుపు వినిపించినా పాస్ రాక ఆగిపోయినవాడిని చూపదు. 'కెప్టెన్ సుబాసా' ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. మైదానం కిలోమీటర్ల పొడవుందేమో అనిపించేంతగా పిల్లలు పరుగెత్తుతూనే ఉంటారు. బంతి గాలిలో ఉండగా గతమంతా గుర్తు చేసుకుంటారు. ఒక్క మ్యాచ్ అనేక భాగాల పాటు సాగుతుంది. ఉత్కంఠకు ఇది బాగుంటుంది గానీ, ఆటలో కాలం ఎలా కదులుతుందో తెలియదు. నిజమైన ఫుట్‌బాల్‌లో ఆలోచించుకునే సమయం ఎవరూ ఇవ్వరు. పాస్ అందకముందే ఎవరికివ్వాలో చూసుకుని ఉండాలి. ఆ చూపును నేర్పే సీరియల్ దాదాపు లేదు.

రెండో లోపం పెద్దవాళ్ల తగువుల్ని పిల్లల భుజాల మీద పెట్టడం. 'గోల్కొండ హైస్కూల్'ను ఎంత ఇష్టపడ్డా ఈ మాట అనక తప్పదు. పిల్లలు గెలిస్తే మైదానం ఉంటుంది, ఓడితే పోతుంది అన్న షరతు నాటకానికి గట్టి దన్ను. కానీ మైదానం పిల్లల హక్కు. గెలిచి సంపాదించుకోవలసిన బహుమతి కాదు. ఓడే జట్టు పిల్లలకూ ఆడుకునే చోటు కావాలి, నిజానికి వాళ్లకే ఎక్కువ కావాలి. ఈ సినిమా ఒక్కటే కాదు, ఈ రకం కథలన్నీ క్లబ్ మూతపడటం, స్థలం అమ్ముడుపోవడం, కోచ్ ఉద్యోగం పోవడం లాంటి భారాల్ని ఫైనల్ మ్యాచ్‌కు కట్టేస్తాయి. పదమూడేళ్ల పిల్లవాడు పెనాల్టీ తప్పిస్తే ఊరే మునిగిపోయినంత పని చేస్తాయి. ఆ వయసులో పెనాల్టీ తప్పడమే చాలినంత బాధ.

మూడోది రక్షకుడైన కోచ్. ఎక్కడి నుంచో వస్తాడు, గతంలో గాయపడ్డవాడు, తన కల చెదిరినవాడు. పిల్లల ద్వారా తన లోటు పూడ్చుకుంటాడు. జాసీ బ్లెయిర్ అలాంటివాడే. 'గోల్కొండ హైస్కూల్' సంపత్‌లో కూడా ఆ ఛాయ ఉంది. 'విజిల్' ఈ దారిలో మరింత ముందుకు పోయింది. అమ్మాయిల జట్టు కథలో అమ్మాయిలకంటే కోచ్‌కే ఎక్కువ తెర దక్కింది. ఇల్లు దాటని గృహిణి, యాసిడ్ దాడికి గురైన ఆటగత్తె మళ్లీ మైదానానికి రావడం లాంటి బలమైన సన్నివేశాలున్నా, లావుగా ఉన్న ఒక క్రీడాకారిణిని కోచ్ ఆమె ఒళ్లు చూపి హేళన చేసి రెచ్చగొట్టే సన్నివేశం మీద విమర్శ వచ్చింది, రావలసిందే. ఆ సన్నివేశం చూసిన పిల్లలు బడిలో తోటి పిల్లల మీద ఆ మాటలే వాడతారు. కోచ్ అనుమతి ఇచ్చినట్టే అవుతుంది. పిల్లలు చూసే కథలో కోపాన్ని, ఎగతాళిని పనిముట్లుగా చూపకూడదు.

అమ్మాయిల సంగతి వేరే చెప్పాలి. పాత సీరియళ్లలో వాళ్లు ప్రేక్షకుల మధ్య నిలబడి చప్పట్లు కొడతారు, నీళ్ల సీసాలు అందిస్తారు, లేకపోతే ఇద్దరు కుర్రవాళ్ల మధ్య అసూయకు కారణమవుతారు. తెలుగులో 1991లోనే పరుగుల రాణి అశ్వినీ నాచప్ప స్వయంగా నటించిన 'అశ్విని' వచ్చింది. మౌళి దర్శకుడు, ఉషాకిరణ్ మూవీస్ నిర్మించింది. ఆడపిల్ల ఆటనే కథకు వెన్నెముకగా పెట్టిన ఆ దారి ఆ తర్వాత వెడల్పు కాలేదు. బయట జీవితం మాత్రం తెరను దాటిపోయింది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. తండా నుంచి యూరప్ దాకా సాగిన ఆ ప్రయాణంలో ఎన్ని భాగాల కథ ఉందో లెక్కేసుకోవచ్చు.

భద్రత విషయంలో తెర చాలా వెనకబడి ఉంది. ఎగిరి తలతో కొట్టే గోల్ ఈ సీరియళ్ల ముద్దుబిడ్డ. అమెరికాలో పదేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలు తలతో బంతి కొట్టకుండా 2015లో నిబంధన ప్రకటించారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2020లో పదకొండేళ్లలోపు పిల్లల శిక్షణలో అది వద్దని చెప్పింది. మెదడు మీద దెబ్బల ప్రభావం గురించిన ఆందోళనే కారణం. నెప్పితో కుంటుతూనే ఆడి గెలిపించే పిల్లవాడిని వీరుడిగా చూపడం కూడా ఇలాంటిదే. ఎదిగే ఎముక మీద మళ్లీ మళ్లీ పడే ఒత్తిడి ఎంత చేటు చేస్తుందో తెలిసిన కోచ్ ఆ పిల్లవాడిని బెంచీ మీద కూర్చోబెడతాడు. మిసుగి కథ ఈ విషయంలో కాస్త మెరుగు. అతని జబ్బు కథలో బరువుగానే ఉంటుంది. అయినా ఆ బరువు చివరికి పోరాట పటిమకే మెరుగులు దిద్దుతుంది.

పిల్లల భాష

డబ్బింగ్ కార్టూన్లు చూసేవాళ్లకు ఒక విషయం అర్థమవుతుంది. అందులో పిల్లలు ఏ ఊరివాళ్లూ కాదు. పాఠ్యపుస్తకం తెలుగులో, ఒకే స్వరంలో మాట్లాడతారు. చోడవరం పిల్లవాడు మైదానంలో 'ఏటిరా, పాసియ్యవేటి?' అంటాడు. చిన్నవాళ్లను పెద్దవాళ్లు 'గుంటడు' అంటారు. గోల్ కాసేవాడు 'గోలీ', తప్పు ఆట 'ఫౌలు', గీత దాటితే 'అవుటు'. ఆటలోని ఆంగ్ల మాటలన్నీ ఎప్పుడో మన నోటికి అలవాటుపడి మనవైపోయాయి. వాటిని సంస్కృతీకరించి 'పాదబంతి', 'గోలు రక్షకుడు' అంటే పిల్లలు నవ్వుతారు, నవ్వాలి కూడా. 'జాసీస్ జెయింట్స్' ఇంగ్లండ్ ఉత్తరాది యాసతో కథ చెప్పింది. లండన్ వాళ్లకు ఆ యాస కొత్త. ఆ యాస వల్లే ఆ కథ ఆ ప్రాంతానిదని నమ్మబుద్ధవుతుంది. ఉత్తరాంధ్ర యాసను సినిమాలు హాస్యానికి వాడుకున్నంతగా పిల్లవాడి కష్టానికి, కోపానికి, ప్రేమకు వాడుకోలేదు. 'అన్నయ్యా, ఇంటికొచ్చీ' అనే చెల్లెలి మాటలో ఉన్న తడి ఏ డబ్బింగ్ గదిలోనూ దొరకదు.

తీయని కథ

హైదరాబాద్‌లో ఒక బడి పంతులు ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పనిచేసిన ఉపాధ్యాయుడు, తర్వాత భారత జట్టుకు కోచ్. ఆయన హయాంలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కింది. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. జకార్తాలో ఆ 1962 బంగారు పతకం వచ్చిన మరుసటి ఏడాదే, 1963లో, కేన్సర్‌తో చనిపోయాడు. ఆయన జీవితం మీద 2024లో హిందీలో 'మైదాన్' వచ్చింది. జాతీయ జట్టు, ఒలింపిక్స్, ఆసియా క్రీడలే దాని ప్రధాన కథ.

పిల్లల సీరియల్‌కు కావలసిన రహీం వేరు. కుర్రవాళ్ల ఆట చక్కబెట్టడానికి ఆయన వింత పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందుకోవాలి, తోటివాడికి ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడి కాలు వాటమైనవాడు ఎడమ కాలితో. ఈ రెండు నియమాల్లో ఎంత నాటకం ఉందో చూడండి. ఊళ్లో పేరున్న ఆటగాడు మొదటి పోటీలో ఏమీ చేయలేక నిలబడిపోతాడు. అప్పటిదాకా ఎవరికీ పట్టని, మెల్లగా ఆడే పిల్లవాడు అక్కడ ఒక్కసారిగా అందరికీ అవసరమవుతాడు. రెండో పోటీలో పొడగరి పొట్టివాడి ముందు తడబడతాడు. విలన్ అక్కరలేదు, స్థలం కబ్జా చేసే ధర్మకర్త అక్కరలేదు, పుట్టుక రహస్యం అక్కరలేదు. ఒక నియమం మార్చితే ఎవరి విలువ ఎలా మారుతుందో చూపితే చాలు. బంతి లేని 87 నిమిషాల కథ అదే.

బడి పిల్లల ఫుట్‌బాల్‌కు దేశంలో పెద్ద వేదికగా సుబ్రతో కప్ ఉంది. వైమానిక దళ అధిపతి సుబ్రతో ముఖర్జీ పేరుతో 1960 నుంచి నడుస్తోంది. అమ్మాయిల విభాగం తర్వాత చేరింది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ క్రీడా విద్యాలయం పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది. రాయలసీమ కరవు నేల మీద బూట్లు కట్టుకుంటున్న పిల్లల్ని తెర మీద చూపడానికి కల్పన పెద్దగా అక్కరలేదు. కథకు కావలసిన నేల, పోటీ, జట్టు అన్నీ ఉన్నాయి.

చోడవరం చుట్టుపక్కల ఇలాంటి సీరియల్ తీస్తే దానికి కాలపట్టిక గానుగ సీజనే ఇస్తుంది. చలికాలంలో చెరకు నరుకుడు మొదలయ్యాక లోడు ట్రాక్టర్లు రోడ్డెక్కుతాయి. పెద్ద పిల్లల్లో కొందరు పొలానికి, బెల్లం పాకకు వెళ్లక తప్పదు. సంక్రాంతికి ముందు జట్టులో ఇద్దరు తగ్గుతారు. అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్న పిల్లకు ఆ సాయంత్రం చొక్కా దొరుకుతుంది. ఆ పిల్ల మొదటి ఆట ఎలా ఆడుతుందో కెమెరా చూపాలి. బంతి ఆమె దగ్గరికి రాకముందు, వెనక్కి పరుగెత్తి ఖాళీ పూడుస్తూ, ఎవరూ గమనించనప్పుడు.